దూరం నుంచి ఒక చూపు

తోరణగల్లు,
9 ఆగస్టు 2024

అత్తా,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడకు. ఇంట్లో అందరూ బాగున్నారు. నీకు ఫోన్ చేసే దారి లేక, ఇక్కడ ఫ్యాక్టరీలో భోజనం వేళ ఉత్తరం రాస్తున్నాను. నా ఫోన్ పది రోజులుగా నాయన బీరువాలో ఉంది, తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది. నాయన ఫోన్‌లో మాట్లాడదామంటే ఆయన పక్కనే కూర్చుని వింటాడు.

ఉత్తరమైతే భయం లేదు. మన ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు కానీ చదవగలిగేది మనిద్దరమే. అమ్మా నాయనలది కన్నడ బడి. నాదీ కన్నడ బడే. వేసవి సెలవులకు బండ్రి వచ్చినప్పుడల్లా నువ్వు నన్ను పలక ముందు కూర్చోబెట్టి, "ఉరవకొండలో మా అవ్వ నాకు నేర్పిన అచ్చరాలు నాతోనే పోవాల్నా?" అంటూ చెవి మెలిపెట్టి నేర్పించావు. అప్పుడు ఎంత ఏడ్చానో. ఇప్పుడు ఆ అక్షరాలే నాకు అండ. కాబట్టి జవాబు ఇంటికే రాయి, ఎవరూ చదవలేరు.

సంగతేమిటంటే, జులై చివరి వారంలో తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మొదటి రోజు ఏడు. రెండో రోజు ఇరవై మూడు. ఒకడు నా పొడవెంత అని అడిగాడు. ఒకడు "రాత్రి డ్యూటీ కూడా ఉంటాదా?" అని అడిగి నవ్వాడు. ఇంకొకడు నా ఫోటో నాకే పంపాడు. దాని కింద నా పేరు, నాయన పేరు, కప్పగల్లు అని మా ఊరి పేరు, ఫ్యాక్టరీ ల్యాబులో పని అని, నా నంబరు. చివర ఇంకొక మాట. "సాయంత్రం ఆరూ ఇరవైకి కంపెనీ బస్సు ఊరి మలుపు దగ్గర ఆగుతుంది. అమ్మాయిని చూసుకోదలచినవాళ్ళు అక్కడ చూసుకోవచ్చు."

ఏదో పెళ్ళి సంబంధాల గ్రూపులో నుంచి వచ్చిందట. ఒక దాని నుంచి ఇంకొకదానికి, అక్కడి నుంచి ఎక్కడెక్కడికో.

అంతటితో ఆగలేదు. మలుపు దగ్గర ఒక మనిషి మోటారు సైకిలు ఆపుకుని ఉంటున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. తనంతట మాట్లాడడు. నేను దిగితే నా వెనకే నెమ్మదిగా బండి నడుపుకుంటూ, జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డు దాకా వస్తాడు. అక్కడ మనుషులుంటారు కాబట్టి వెనక్కి తిరుగుతాడు. మా బస్సు డ్రైవరు కెంచప్పకూ అనుమానం వచ్చింది. "యారమ్మా ఆయప్ప? మీ చుట్టమా?" అని అడిగాడు.

నాయనకు చెప్పకుండా ఉండలేకపోయాను. చెప్పగానే ఆయన ఫోన్ తీసేసుకున్నాడు. "చేసింది చాలు, ఇంట్లో ఉండు" అన్నాడు. కాళ్ళావేళ్ళా పడి సెప్టెంబరు నెలాఖరు దాకా గడువు అడిగాను. అప్పటికి నా శిక్షణ ఏడాది పూర్తవుతుంది, ఉద్యోగం ఖాయం చేస్తారు. ఈలోగా ఈ గొడవ తెగకపోతే మానేయాల్సిందే. అత్తా, నాకు ఆ ల్యాబు అంటే ప్రాణం. ఎర్రమట్టి పొడిని పరీక్షించి ఇందులో ఇనుము ఇంత అని రాసి సంతకం పెడతాను. ఆ సంతకం చూసి పెద్ద పెద్దవాళ్ళు పని నడుపుతారు. దాన్ని వదులుకుని ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు.

మన బంధువుల్లో నీకు తెలియనివాళ్ళు లేరు. ఈ ఫోటో మొదట పెట్టింది ఎవరో కనుక్కోగలవా?

నీ చంద్రి


బండ్రి,
17 ఆగస్టు

చంద్రీ, నా బంగారుకొండా,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద పప్పు మరిచిపోయాను. గిన్నె అడుగంటి ఇల్లంతా కమురు వాసన. మీ మామ లారీ దిగి వచ్చి "ఏం మాడిపాయ?" అంటే నా కడుపు మాడింది అన్నాను. ఎవడు వాడు? వాడి కాళ్ళు విరగ! మా ఊళ్ళో అయితే ఈపాటికి చెట్టుకు కట్టేసేవాళ్ళు.

నువ్వు బస్సు దిగి ఒంటరిగా నడవొద్దు. అమ్మను మలుపు దాకా రమ్మను. గొంతు తగ్గించి మాట్లాడు, నవ్వు తగ్గించు. నీ నవ్వు నాలుగు వీధులకు వినబడుతుందని నేను ఎప్పుడూ చెప్తూనే ఉన్నాను.

ఎవరు పెట్టారంటే ఏం చెప్పను? ఈ రోజుల్లో ఫోటోలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతాయో దేవుడికే తెలియాలి. మీ ఫ్యాక్టరీలో గుర్తింపు కార్డుకని ఫోటోలు తీసుకుంటారు కదా, అక్కడి నుంచి పోయిందేమో. నీతో తిరిగే ఆ పద్మశ్రీ ఎట్లాంటి పిల్ల? అందరినీ నమ్మేస్తావు నువ్వు.

పెట్టినవాళ్ళు కూడా చెడు తలపుతో పెట్టి ఉండరు, అది గుర్తుంచుకో. మన వైపు పెళ్ళిచూపులకు ముందు దూరం నుంచి ఒకసారి చూసిపోవడం ఉంది కదా. నన్ను మీ మామ వాళ్ళు బళ్ళారి బస్టాండులో చూశారు. నేను శనక్కాయలు కొనుక్కుని, పొట్టు ఊదుకుంటూ తింటున్నాను. వాళ్ళు స్తంభం పక్కన నిలబడి చూసి వెళ్ళిపోయారు. పెళ్ళయిన ఆరు నెలలకు గానీ నాకు తెలియలేదు. నచ్చకపోయి ఉంటే అట్లే పోయేవాళ్ళు. ఇంటికి వచ్చి, కాఫీ తాగి, పిల్ల వద్దని చెప్పడం ఉండేది కాదు. ఆడపిల్ల మనసు నొచ్చుకోకుండా పెద్దవాళ్ళు పెట్టుకున్న మర్యాద అది. ఎవరో ఆ ఉద్దేశంతోనే రాసి ఉంటారు.

మీ నాయన కోపం నాలుగు రోజులే. నీకు గోంగూర పచ్చడి పెట్టి ఉంచాను. లారీ బళ్ళారి వస్తే పంపిస్తా.

అత్త


తోరణగల్లు,
26 ఆగస్టు

అత్తగారికి,

మీ ఉత్తరం అందింది.

పద్మశ్రీ ఎట్లాంటి పిల్ల అని అడిగారు. ఆమె సొంతూరు సిరుగుప్ప, మా ఫ్యాక్టరీలోనే పని. ఈ పదిహేను రోజులుగా తన స్టాపులో దిగకుండా నాతో మలుపు దాకా వచ్చి, నన్ను ఇంట్లో దించి, ఆటోలో వెనక్కి పోతోంది. నేను భయంతో ఆ మెసేజీలన్నీ చెరిపేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "చెరిపేస్తే నీ దగ్గర సాక్ష్యం ఏముంటుంది? ముందు అన్నీ ఫోటో తీసి పెట్టుకో, తర్వాత ఆ నంబర్లను ఆపేయి" అని చెప్పింది. నాయన ఫోన్ తీసుకునే ముందు రోజే అవన్నీ తన దగ్గర దాచింది.

శనివారం మేమిద్దరం బళ్ళారిలో సైబర్ పోలీసుల దగ్గరికి వెళ్ళాం. హెడ్ కానిస్టేబుల్ ఒకామె అన్నీ ఓపికగా చూసింది. నేను మొదటి మాటగా "తప్పు నాదేనేమో మేడం" అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టి, "నీ తప్పు ఏముందమ్మా ఇందులో?" అంది. ఇంతవరకూ ఆ మాట నాతో ఎవరూ అనలేదు. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

ఆమె ఒకటి చెప్పింది. ఈ ఫోటో మొదట ఏ గ్రూపులో పడిందో, ఏ రోజు పడిందో తెలిస్తే అక్కడి నుంచి ఎవరెవరు తీసుకున్నారో వరసగా పట్టుకోవచ్చు. పెట్టినవాళ్ళు వచ్చి వాంగ్మూలం ఇస్తే పని సులువు. లేకపోతే నెలలు పట్టవచ్చు. నాకు నెలలు లేవు.

మొదటి ఉత్తరంలో మీకు రాయని మాట ఒకటుంది. ఆ మనిషిని నేను ఒకరోజు నిలదీశాను. షెడ్డు ముందు, అందరూ చూస్తుండగా, "ఏంప్పా, దినామూ నా ఎనకాల వస్తాండావు, ఏంది నీ కత?" అని గట్టిగానే అడిగాను. వాడు జంకలేదు. "మీ ఇంట్లోవాళ్ళే చూసుకోండి అని పెట్టినారు. చూస్తాండా. చూస్తే తప్పేంది?" అన్నాడు.

దానికి జవాబేమిటో మీకు తెలిస్తే చెప్పండి.

మీరు చెప్పిన మర్యాద గురించి కూడా ఆలోచించాను. బస్టాండులో మిమ్మల్ని చూసినవాళ్ళు మహా అయితే నలుగురు. వాళ్ళ పేర్లు మీ పెద్దలకు తెలుసు. చూసి వెళ్ళాక వాళ్ళ దగ్గర మీ ఫోటో లేదు. నన్ను చూస్తున్నవాళ్ళు ఎందరో, ఎక్కడివాళ్ళో, ఎప్పటిదాకా చూస్తారో నాకు తెలియదు.

మళ్ళీ అడుగుతున్నాను. మొదట పెట్టింది ఎవరో మీకేమైనా తెలుసా?

చంద్రిక


బండ్రి,
2 సెప్టెంబరు

చంద్రీ,

నన్ను 'మీరు' అన్నావు. నీకు మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను 'నువ్వు' తప్ప అన్నది లేదు. ఎన్నిసార్లు చదివినా అది 'మీరు' గానే ఉంది.

పోలీసుల దాకా ఎందుకు పోయావే? రేపు సంబంధం చూసేవాళ్ళకు తెలిస్తే ఏమనుకుంటారు? ఎవరో ఒకరు పెట్టారు, అయిపోయింది. తవ్వితే ఏమొస్తుంది? కొన్నాళ్ళు ఇంట్లో ఉంటే వాడే విసుగెత్తి పోతాడు. మీ నాయన చెప్పేది కూడా నీ మంచికే కదా. ఈ ఉద్యోగం కాకపోతే ఇంకొకటి. మంచి సంబంధం కుదిరితే అన్నీ సర్దుకుంటాయి.

నాకు వారంగా ఒంట్లో బాగా లేదు. ఎక్కువ రాయలేను.

అత్త


తోరణగల్లు,
9 సెప్టెంబరు

అత్తగారికి,

మీ ఆరోగ్యం జాగ్రత్త.

నిన్న ఆ మనిషి షెడ్డు దాటి మా వీధి మొదలు దాకా వచ్చాడు. నాయన చూశాడు. రాజీనామా కాగితం ఈ ముప్పయ్యో తారీఖున ఇచ్చేయమన్నాడు. ఎలా రాయాలో పద్మశ్రీని అడిగి తెలుసుకున్నాను.

మిమ్మల్ని అడగడానికి ఇంకేమీ లేదు.

చంద్రిక


బండ్రి,
20 సెప్టెంబరు

చంద్రికా,

నీకు ముద్దు పేరు పెట్టి పిలిచే హక్కు ఈ ఉత్తరం చదివాక నువ్వే ఇవ్వాలి, ఉంటే.

ఆ ఫోటో పెట్టింది నేనే.

జులై ఇరవై ఒకటో తారీఖు, ఆదివారం. సుబ్బరామి నడిపే సంబంధాల గ్రూపులో. అందులో రెండువందల పైచిలుకు మంది ఉన్నారు, అందరూ మనవాళ్ళే అనుకున్నాను. పసుపు చీరలో నువ్వు ఎంత బాగున్నావో అందరికీ చూపించాలనిపించింది. నా మేనకోడలు ల్యాబులో సంతకం పెడుతుందని చెప్పుకోవాలనిపించింది. బస్సు టైము కూడా నేనే రాశాను. ఎవరికైనా నచ్చకపోతే నీకు తెలియకుండానే పోతారు, నీ మనసు నొప్పి పడదు అనుకున్నాను. నిన్ను ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు. అడిగితే వద్దంటావని తెలుసు కాబోలు.

నీ మొదటి ఉత్తరం రాగానే ఆ మెసేజీ తీసేశాను. తీసేసి, అది లేదు కాబట్టి నేను పెట్టనట్టే అనుకున్నాను. పోయిన వారం బళ్ళారిలో పోలీసామె నా ఫోన్ చూసి చెప్పింది, నేను నొక్కింది 'నాకు మాత్రం' తీసేయమనే మీట అట. నా కంటికి మాత్రమే అది మాయమైంది. మిగతా అందరి ఫోన్లలో అట్లాగే ఉంది. నెల పైన నేను ఒక్కదాన్నే దాన్ని చూడకుండా హాయిగా ఉన్నాను.

హాయిగా అన్నది అబద్ధం. వెనకటి ఉత్తరంలో ఒంట్లో బాగా లేదన్నానే, అది సిగ్గు. నీ ఉద్యోగం పోయినా సరే, నా పేరు బయటికి రాకపోతే చాలు అనుకుని ఆ ఉత్తరం రాశాను. నిన్ను ఎత్తుకుని పెంచిన చేత్తోనే రాశాను. నన్ను చూసి నాకే అసహ్యం వేసింది.

పదకొండో తారీఖు పొద్దున గ్రూపులో ఎవరో తమ కూతురి ఫోటో పెట్టారు. ఇంకా పందొమ్మిది నిండని పిల్ల. దాని కింద ఒకాయన రాశాడు. "నాగలక్ష్మమ్మక్క పెట్టినట్టు బస్సు టైము కూడా పెట్టండి, చూసుకునేకి బాగుంటాది." దానికి ఎనిమిది మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను చూపించిన దారి అది.

అక్కడే కూర్చుని నా గొంతుతో చెప్పాను. రాసి పెడితే ఎవరో రాసి ఇచ్చారనుకుంటారని మాటల్లోనే పంపాను. "నేను బండ్రి నాగలక్ష్మమ్మను మాట్లాడతాండా. నా తమ్ముని కూతురి ఫోటో, నంబరు, బస్సు టైము దానికి చెప్పకుండా ఈడ పెట్టినా. దానివల్ల ఆ పిల్ల ఎనకాల ఎవడో పడినాడు. తప్పు నాది. మీ కాడ ఆ ఫోటో ఉంటే తీసేయండి, ఎవరికి పంపినారో వాళ్ళకీ చెప్పండి. ఇప్పుడు పెట్టిన పిల్లది కూడా తీసేయప్పా, నీకు దండం పెడతా." ముగ్గురు నవ్వు బొమ్మలు పెట్టారు. ఒకావిడ నాకు మతి పోయిందంది. ఆ పిల్ల తండ్రి మాత్రం ఫోటో తీసేశాడు. సుబ్బరామి ఫోన్ చేసి "గ్రూపు పరువు తీస్తివి కదక్కా" అన్నాడు. పరువు సంగతి తర్వాత, నీ ఫోన్ తీసుకుని రేపు బళ్ళారికి రా అన్నాను. రాడనుకున్నాను. వచ్చాడు.

అతని ఫోన్‌లో నా మెసేజీ తారీఖుతో సహా ఉంది. నేను వాంగ్మూలం ఇచ్చాను. అది తెలుగులోనే రాశాను, కానిస్టేబులమ్మ కన్నడలో ఇంకొకటి రాసి చదివి వినిపించింది. సంతకం పెట్టేటప్పుడు నీ సంతకం గుర్తొచ్చింది.

అక్కడి నుంచి మీ ఇంటికి వెళ్ళాను. నువ్వు డ్యూటీలో ఉన్నావు. మీ నాయనకు ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. "అక్కా, నువ్వా?" అన్నాడు. నేను అన్నాను, "తప్పు చేసింది నేనురా. ఇంట్లో కూచోబెట్టాలంటే నన్ను కూచోబెట్టు. నా ఫోన్ తీసి బీరువాలో పెట్టు. ఆ పిల్లది ఎందుకు పెట్టినావు?" వాడు లేచి లోపలికి వెళ్ళాడు. కొట్టడానికేమో అనుకున్నాను. నీ ఫోన్ తెచ్చి దేవుడి గూట్లో పెట్టాడు. అందులో ఛార్జింగ్ లేదని మళ్ళీ తీసి వైరుకు తగిలించాడు.

నీ కోసం ఆగమన్నారు. నిన్ను చూసే ముఖం లేక బయల్దేరాను. కానీ మలుపు దగ్గర ఆగి, టీ అంగడి పక్కన తడిక చాటున నిలబడ్డాను. ఆరూ ఇరవైకి బస్సు వచ్చింది. నువ్వు మెట్టు మీద ఆగి, రోడ్డు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తెలిశాక దిగావు. చిన్నప్పుడు బండి ఆగకముందే దూకేదానివి, నేను అరిచేదాన్ని. ఆ పిల్లను ఇట్లా చేసింది నేనే కదా అని ఏడుస్తూ బండ్రి చేరాను.

ఇదంతా మీ నాయన నీకు చెప్పే ఉంటాడు, అయినా నా చేత్తో రాయాలనిపించింది. క్షమించమని అడగను. నీకు ఇష్టమైతేనే జవాబు రాయి.

నాగలక్ష్మమ్మ


తోరణగల్లు,
5 అక్టోబరు

అత్తా,

ముందు మంచి మాట. పోయిన మంగళవారం నా ఉద్యోగం ఖాయమైంది. ఆర్డరు కాగితం నాయనే అందరికీ చూపిస్తున్నాడు, ఫోటో తీసి పంపబోతుంటే ఆపాను. అందులో నా పుట్టిన తేదీ, చిరునామా అన్నీ ఉన్నాయి. "అట్లయితే చేత్తో పట్టుకునే చూపిస్తా" అని వీధిలోకి వెళ్ళాడు.

పోలీసులు ఆ మనిషిని పిలిపించారు. కేసు పెట్టారు, బండి నంబరు కెంచప్ప ఎప్పుడో రాసి పెట్టుకున్నాడట. ఇప్పుడు మలుపు దగ్గర ఎవరూ ఉండటం లేదు. అయినా మెట్టు మీద ఆగి చూడటం ఇంకా పోలేదు. నా ఫోటో ఇంకా ఎన్ని ఫోన్లలో ఉందో కూడా తెలియదు. ఆ మాట దాచను. నీ మీద కోపం పూర్తిగా పోయిందని కూడా అనను. 'ఈ ఉద్యోగం కాకపోతే ఇంకొకటి' అని రాశావు చూడు, అది ఫోటో కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఇప్పుడు నేను దాచింది చెప్తాను.

పసుపు చీర నా మొదటి జీతంతో కొన్నది. అద్దం ముందు నిలబడి ఫోటో తీసుకుని నీకు పంపాను. "ఎట్లుంది అత్తా? నీకు తప్ప ఇంకెవరికీ చూపించలేదు" అని రాశాను. "నా దిష్టే తగిలేటట్టుండాది" అని నువ్వు నవ్వుతూ జవాబిచ్చావు. నీకు రోజూ వచ్చే వంద ఫోటోల్లో ఆ మాట మరిచిపోయి ఉంటావు. నేను మరిచిపోలేదు. అది నీ ఒక్కదాని దగ్గరే ఉన్న ఫోటో.

కాబట్టి నీకు మొదటి ఉత్తరం రాసే రోజుకే నాకు తెలుసు.

పోలీసులకు నీ పేరు అప్పుడే చెప్పేయగలిగేదాన్ని. పద్మశ్రీ రోజూ చెప్పమనేది. నాయనకు చెప్పినా ఆయన కోపం నీ మీదికి మళ్ళేది. నీ పేరు నోటి దాకా వచ్చి ఆగిపోయేది. నా అత్త తనంతట తాను చెప్తుందా లేదా అన్నది నాకు ఉద్యోగమంత పెద్ద విషయమైపోయింది. అందుకే తెలియనట్టు అడిగాను. రెండోసారి కూడా అడిగాను. ముప్పయ్యో తారీఖుకు రాజీనామా కాగితం నిజంగానే రాసి సంచిలో పెట్టుకున్నాను.

ఆ రోజు టీ అంగడి తడిక చాటున నీ చీర కొంగు నాకు కనబడింది. పిలవలేదు. నువ్వు నన్ను ఒక్క సాయంత్రమే దూరం నుంచి చూశావు అత్తా. నేను నిన్ను ఆగస్టు నుంచి అలాగే చూస్తున్నాను. నచ్చకపోతే నీకు తెలియకుండానే వెళ్ళిపోదామనుకున్నాను.

వచ్చే ఆదివారం బండ్రికి వస్తున్నాను. పచ్చడి ఉంచు.

నీ చంద్రి